చెప్పుకోగలిగిన ఇల్లు

'కన్యాశుల్కం' నాటకం మీలో కొందరు చదివే ఉంటారు. చదవనివారు పెద్దలు చెప్పుకుంటూ ఉంటే వినైనా ఉంటారు. గురజాడ అప్పారావుగారి ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. ఇప్పుడు మనం చదువుకునే రూపం 1909లో అచ్చయినది. అందులో వెంకటేశం అనే కుర్రవాడున్నాడు. విజయనగరంలో ఉండి ఇంగ్లీషు చదువు చదువుతున్నాడు. పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని భయం. తండ్రి అగ్నిహోత్రావధాన్లు పేరుకు తగ్గ మనిషే, ముక్కు మీద కోపం. తల్లి వెంకమ్మేమో కొడుకు ఏం చేసినా వెనకేసుకొస్తుంది. మరి వెంకటేశం తన కష్టం ఎవరికి చెప్పుకున్నాడు? తండ్రికి కాదు, తల్లికీ కాదు. గిరీశానికి! ఆ కష్టాన్నే ఆసరా చేసుకుని గిరీశం శిష్యుడి వెంట వాళ్ల అగ్రహారంలో దిగాడు. తరవాత జరిగిన గొడవలన్నీ నాటకంలో చదువుకోవచ్చు.

ఆ ఘట్టం చదివి మనం నవ్వుకుంటాం. సైన్సు విద్యార్థులు కనక మీరు నవ్వాక ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. కోపమున్న తండ్రి, గారాబం చేసే తల్లి ఇద్దరూ ఇంట్లో ఉండగా పిల్లవాడు పరాయివాడి దగ్గరికి ఎందుకు పోయాడు? తల్లిదండ్రులు పెంచే తీరుకీ, పిల్లల మనసు కుదురుగా ఉండడానికీ సంబంధం ఏమిటి? ఆ సంబంధం చిన్నతనంతో తీరిపోతుందా, పెద్దయ్యాక కూడా వెంట వస్తుందా? మనస్తత్వ శాస్త్రజ్ఞులు అరవై ఏళ్లకు పైగా ఇదే వెదుకుతున్నారు, నాటకాల్లో కాదు, నిజమైన ఇళ్లలో.

ఒకే ప్రశ్న, నాలుగు ఇళ్లు

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను మీకు తెలుసు. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం సిరిమాను, దాని ముందురోజు రాత్రి తొలేళ్లు. గజపతినగరంలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు, స్నేహితులతో కలిసి తొలేళ్లకు పోతానని ఇంట్లో అడిగాడనుకుందాం. ఇదే మాటను నాలుగు ఇళ్లలో అడిగించి చూద్దాం.

మొదటి ఇంట్లో: "సదువుకోరా అంటే సిరిమానంటావేటి? నోర్మూసుకుని కూకో!" అంతే. ఎందుకని అడిగితే వీపు మోగుతుంది.

రెండో ఇంట్లో: "ఎల్లు నాన్నా, ఇదుగో ఐదొందలుంచు." ఎవరితో, ఎప్పుడు వస్తావు అన్న ప్రశ్న లేదు.

మూడో ఇంట్లో అడగడానికే ఎవరూ లేరు. ఉన్నవాళ్లకు వీడు ఇంట్లో ఉన్నాడో లేడో పట్టదు.

నాలుగో ఇంట్లో: "ఎవులెవులెల్తన్నారు? ఏ బస్సుకి? తొలేళ్ల రాత్రి తొక్కిడెక్కువ, రాత్రికొద్దు. మంగళారం పగలెల్లి సిరిమాను సూడు. సీకటి పడీసరికి పిన్నింటికాడుండాల. పిన్ని సేత నాకు ఫోను సేయించు."

గమనించారా? నాలుగో ఇల్లు మెత్తని ఇల్లేం కాదు. తొలేళ్లకు వద్దనే చెప్పింది. కాని ఎందుకు వద్దో చెప్పింది, కుర్రవాడి మాట విన్నది, వేరే దారి చూపింది.

ఇప్పుడొక గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డంగా ఉన్న అక్షం మీద ఆప్యాయత అని రాయండి, నిలువు అక్షం మీద కట్టుబాటు అని రాయండి. మొదటి ఇంట్లో కట్టుబాటు ఎక్కువ, ఆప్యాయత తక్కువ. రెండో దానిలో ఆప్యాయత ఎక్కువ, కట్టుబాటు తక్కువ. మూడో దానిలో రెండూ తక్కువ. నాలుగో దానిలో రెండూ ఎక్కువ. లెక్కల్లో మీరు చదువుకునే నాలుగు పాదాలలాగే నాలుగు రకాల పెంపకాలు వచ్చాయి కదా!

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డయానా బౌమ్రిండ్ 1960లలో బడి వయసు రాని పిల్లల ఇళ్లను జాగ్రత్తగా పరిశీలించి మొదట మూడు రకాల పెంపకాన్ని గుర్తించింది. 1983లో ఎలినార్ మాకోబీ, జాన్ మార్టిన్ అనే ఇద్దరు దానిని మనం ఇప్పుడు గీసిన రెండు అక్షాల మీద పరిచి నాలుగు చేశారు. ఇంగ్లీషులో మొదటి దానిని అథారిటేరియన్ అనీ, నాలుగో దానిని అథారిటేటివ్ అనీ అంటారు. ఈ పేర్లు పెట్టినవారు విద్యార్థుల మీద దయ చూపలేదనే అనాలి. కాలేజీలో చదివేవాళ్లకు కూడా ఏది ఏదో తికమకే. మనం హాయిగా హుకుం పెంపకం, గారాబం పెంపకం, పట్టని పెంపకం, మాట–మమత పెంపకం అని చెప్పుకుందాం.

పేర్లు పెట్టినంత మాత్రాన సైన్సు కాదు. కొలవాలి. 1991లో సూసీ లాంబార్న్, లారెన్స్ స్టైన్‌బర్గ్, వారి సహచరులు అమెరికాలోని విస్కాన్సిన్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో 14 నుంచి 18 ఏళ్ల విద్యార్థులను సుమారు 4,100 మందిని ప్రశ్నలడిగి ఫలితాలు ప్రకటించారు. మాట–మమత ఇళ్ల పిల్లలు చదువులోను, ఆత్మవిశ్వాసంలోను, నడవడిలోను అందరికన్న మెరుగు. పట్టని ఇళ్ల పిల్లలు అన్నిటా వెనకబడ్డారు. తక్కిన రెండూ చూడండి, విచిత్రంగా ఉంటాయి. హుకుం ఇళ్ల పిల్లలు చెప్పిన మాట వింటారు, బడిలో అల్లరి తక్కువ. కాని తన మీద తనకు నమ్మకం తక్కువ. గారాబం ఇళ్ల పిల్లలకు ఆ నమ్మకం బోలెడు. కాని మత్తు పదార్థాల వైపు పోవడం, బడి ఎగ్గొట్టడం ఎక్కువ. ఏడాది తరవాత మళ్లీ అడిగితే ఈ తేడాలు తగ్గలేదు, కొన్ని పెరిగాయి కూడా.

ఇక్కడ మీరు నన్నొక ప్రశ్న అడగాలి. అడగకపోతే నేనే అడుగుతాను. పెంపకం వల్ల పిల్లలు అలా తయారయ్యారా, లేక పిల్లలు అలా ఉండబట్టి పెద్దలు అలా పెంచుతున్నారా? నెమ్మదైన పిల్లవాడితో ఏ తండ్రయినా నెమ్మదిగా మాట్లాడగలడు. ఎదురు తిరిగే పిల్లవాడు శాంతమూర్తికి కూడా కోపం తెప్పిస్తాడు. పైగా తండ్రి కోపిష్టి అయితే ఆ స్వభావం కొంత పుట్టుకతోనే కొడుకుకు వచ్చి ఉండవచ్చు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి కారణం, రెండోది ఫలితం అని తీర్మానించకూడదు. ప్రశ్నలడిగే పరిశీలనతో ఈ ముడి విడదు. ప్రయోగం కావాలి. కాని ప్రయోగం కోసం పిల్లలను ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మార్చలేం కదా!

ఎలుకలు చెప్పిన సంగతి

ఎలుక పిల్లలను మార్చవచ్చు. కెనడా దేశంలో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఆ పనే చేసింది. తల్లి ఎలుకలు పిల్లలను నాకుతూ శుభ్రం చేస్తాయి. కొన్ని తల్లులు ఎక్కువ నాకుతాయి, కొన్ని తక్కువ. ఎక్కువగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక కొత్త చోట తక్కువ భయపడ్డాయి. వాటిలో కంగారును కలిగించే హార్మోను ఎక్కువసేపు ఉరకలేదు. ఇది 1997లో తేలింది. ఆ తరవాత, తక్కువ నాకే తల్లికి పుట్టిన పిల్లలను పుట్టిన వెంటనే ఎక్కువ నాకే తల్లి దగ్గర పెట్టారు. అవి కన్నతల్లిలా కాక పెంచిన తల్లి పిల్లల్లాగే ధైర్యంగా తయారయ్యాయి. 1999లో ఈ ఫలితం వచ్చింది. అంటే అంతా పుట్టుకే కాదు, పెంపకం పని చేస్తుంది.

ఎలా పని చేస్తుంది? మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అధివృక్క గ్రంథులుంటాయని మీరు చదువుకున్నారు. ప్రమాదం కనిపించగానే మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది. పీయూష గ్రంథి అధివృక్క గ్రంథులకు కబురు పంపుతుంది. అవి కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, పారిపోవడానికో, ఎదురు నిలవడానికో శరీరం సిద్ధమవుతుంది. కుక్క తరిమినప్పుడు ఇది చాలా మంచి ఏర్పాటు. అయితే కుక్క వెళ్లిపోయాక దీన్ని ఆపాలి కదా?

మేడ మీద నీళ్ల ట్యాంకు చూసే ఉంటారు. నీరు నిండగానే లోపల తేలే బంతి పైకి లేచి గొట్టాన్ని మూసేస్తుంది. ఆ బంతి సరిగ్గా పని చేయకపోతే నీరు పొర్లి గోడంతా నాచు పడుతుంది. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో కార్టిసాల్‌ను పసిగట్టే గ్రాహకాలున్నాయి. అవే ఈ బంతులు. హార్మోను చాలినంత చేరిందని అవి గుర్తించి "ఇక చాలు" అని కబురు పెడతాయి. ఎక్కువ నాకించుకున్న ఎలుకలలో ఈ గ్రాహకాలు ఎక్కువ. అందుకే వాటి కంగారు తొందరగా చల్లారింది. 2004లో ఇదే బృందం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు మీద మిథైల్ సమూహాలు, అంటే ఒక కార్బను పరమాణువు, మూడు హైడ్రోజను పరమాణువులు కలిసిన చిన్న గుత్తులు, తక్కువ నాకించుకున్న ఎలుకలలో ఎక్కువగా అతుక్కుని కనిపించాయి. అవి అతుక్కుంటే జన్యువు పని మందగిస్తుంది. జన్యువు మారలేదు, దాని మీద గుర్తులు మారాయి. తల్లి నాలుక రాసిన గుర్తులన్నమాట!

ఎలుక మనిషి కాదు. మన మెదడులో సరిగ్గా ఇదే జరుగుతుందని చెప్పడం తొందరపాటు. అయితే ఇలాంటి హార్మోను వ్యవస్థ ఇద్దరికీ ఉంది, దానిని చల్లార్చడంలో పెంచేవారి పాత్ర మనుషుల్లోనూ కనిపించింది.

ఫోనులో అమ్మ గొంతు

2010లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్‌జర్, సెత్ పోలాక్ అనేవారు 7 నుంచి 12 ఏళ్ల ఆడపిల్లలు 61 మందితో ఒక ప్రయోగం చేశారు. కొత్తవాళ్ల ఎదుట అప్పటికప్పుడు ఉపన్యాసం ఇమ్మన్నారు, లెక్కలు చేయమన్నారు. ఎవరికైనా చెమటలు పడతాయి. ఆ తరవాత కొందరి దగ్గరికి తల్లులు వచ్చి దగ్గరకు తీసుకున్నారు. కొందరు తల్లితో ఫోనులో మాట్లాడారు. మిగిలినవారికి తల్లి ఊసు లేకుండా ఒక సినిమా చూపించారు. తల్లి స్వయంగా వచ్చిన పిల్లల్లో కార్టిసాల్ త్వరగా తగ్గింది, నెమ్మదిని కలిగించే ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరిగింది. ఆశ్చర్యమేమిటంటే ఫోనులో గొంతు విన్న పిల్లల్లోనూ ఇంచుమించు అంతే జరిగింది. 2012లో వీరే ఇంకో ప్రయోగంలో తల్లితో మాట్లాడే బదులు కంప్యూటరులో రాతలు రాసుకోమన్నారు. ఆ ప్రభావం కనిపించలేదు. హాస్టల్లో ఉండి ఇంటికి మెసేజి పెట్టి ఊరుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోండి. గొంతు గొంతే.

ఇప్పుడు మళ్లీ వెంకటేశం దగ్గరికి వద్దాం. పరీక్ష తప్పిన కుర్రవాడి రక్తంలో కార్టిసాల్ ఉరుకుతూనే ఉంటుంది. ఇంటికి వెళ్లి చెప్పుకుంటే అది చల్లారాలి. హుకుం ఇంట్లో మాత్రం చెప్పుకోవడమే ఇంకో ప్రమాదం. ప్రమాదాన్ని తప్పించే చోటే ప్రమాదమైతే పిల్లవాడు ఎటు పోతాడు? అబద్ధంలోకో, గిరీశం దగ్గరికో పోతాడు.

2000లో స్వీడన్ దేశంలో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే శాస్త్రజ్ఞులు 14 ఏళ్ల పిల్లలు 703 మందినీ, వారి తల్లిదండ్రులనూ ప్రశ్నించారు. పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారో బాగా తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు చెడు దారి పట్టడం తక్కువ అని అప్పటికే తెలుసు. దానికి అందరూ చెప్పుకున్న అర్థం, తల్లిదండ్రులు గట్టిగా కాపలా కాయాలని. వీరు అసలు ఆ సంగతులు పెద్దలకు ఎలా తెలిశాయని ఆరా తీశారు. కాపలా వల్ల తెలిసింది తక్కువే. చాలా వరకు పిల్లలు తమంత తాము చెప్పడం వల్లనే తెలిసింది! నా ఉద్దేశంలో పెంపకం మీద ఇన్నేళ్లుగా జరిగిన పరిశోధనలలో మీ వయసువారు తప్పక తెలుసుకోవలసింది ఇదే. నాలుగో ఇల్లు బాగా పని చేయడానికి రహస్యం కూడా ఇదే కావచ్చు. అక్కడ నిజం చెబితే మందలింపు ఉంటుంది గాని, తలుపు మూసుకోదు.

కట్టుబాటులోనూ రెండు రకాలున్నాయని 1996లో బ్రయన్ బార్బర్ వేరు చేసి చూపాడు. రాత్రి ఎనిమిదింటికల్లా ఇంటికి రావాలనడం నడవడికి కట్టుబాటు. "నీలాంటివాడిని కన్నందుకు తల ఎత్తుకోలేకపోతున్నాం" అని రోజుల తరబడి మాట మానేయడం మనసుకు సంకెల. మొదటిది బొత్తిగా లేని పిల్లలు చెడు సావాసాలలో పడతారు. రెండోది ఎక్కువైన పిల్లలు లోలోపల కుంగిపోతారు. మార్కుల పత్రం వచ్చిన రోజున మన ఇళ్లలో ఈ రెండూ కలిసిపోతుంటాయి. పెద్దలు నిజానికి మొదటిదే చేస్తున్నామనుకుంటారు. ఈ వ్యాసం మీ ఇంట్లో పెద్దవాళ్లు చదివితే నాకు సంతోషం.

మన జిల్లాల సంగతి

అమెరికా, స్వీడన్ సంగతులు మనకెందుకని మీరనవచ్చు. న్యాయమైన మాటే. మన దగ్గర నాన్న కేకలేస్తే కొట్టినట్టు కాదు, కొడితే ప్రేమ లేనట్టూ కాదు అనే మాట తరచు వింటాం. దీనిని కూడా పరీక్షించారు. 2005లో జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం భారతదేశంతో సహా ఆరు దేశాలలో 336 తల్లీబిడ్డల జంటలను పరిశీలించింది. కొట్టడం ఊళ్లో అందరిళ్లలో మామూలు అనుకునే చోట దాని కీడు కొంత తక్కువగా కనిపించింది. తనొక్కడికే ఇలా జరుగుతోందని పిల్లవాడు అనుకోడు కనక. తక్కువేగాని, లేకుండా పోలేదు. ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లలలో, ఆ అలవాటున్న దేశాలలో సైతం, కొట్లాట బుద్ధి, ఆందోళన ఎక్కువగానే ఉన్నాయి.

శ్రీకాకుళం పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన కూడా ఒకటుంది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 'యంగ్ లైవ్స్' అనే పేరుతో ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దేశం, ఈ నాలుగు చోట్ల 12,000 మంది పిల్లల బతుకులను 2002 నుంచి పరిశీలిస్తోంది. మన దేశంలో ఇందుకు ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. 3,000 మంది పిల్లలు; వారిలో శ్రీకాకుళం జిల్లా పిల్లలూ ఉన్నారు. ఏడాది వయసులో చేరిన పసివాళ్లు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. 2009లో అడిగినప్పుడు, మన దేశంలో ఎనిమిదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడు వంతులకు పైగా గడిచిన వారంలో బడిలో దెబ్బలు తిన్నామన్నారు. ఇల్లు కాదు, బడి! పదిహేనేళ్లవారిలో ఇది మూడింట ఒక వంతు. పెరూలో ఎనిమిదేళ్లప్పుడు దెబ్బలు తిన్న పిల్లలు పన్నెండేళ్లకు లెక్కల్లో వెనకబడి కనిపించారు. మా వృత్తివాళ్లకు చేదుగా ఉండే లెక్క ఇది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో కొట్టడాన్నే కాదు, మనసును వేధించడాన్ని కూడా నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది.

మన తీరంలో ఇంకో సమస్య ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు చాలామంది నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయి పడవల మీద పని చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిలో 20 మంది పాకిస్తాను వాళ్లకు పట్టుబడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అన్నాళ్లూ వారి పిల్లలు ఇక్కడే పెరిగారు కదా! తండ్రి దగ్గర లేని ఇల్లు మన నాలుగు గదుల్లో ఏ గదిలోకి వస్తుంది?

దీనికి సమాధానం పసిఫిక్ మహాసముద్రంలోని కవాయ్ దీవి నుంచి వచ్చింది. హవాయి దీవులలో అదొకటి. 1955లో అక్కడ పుట్టిన 698 మంది శిశువులను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ నలభయ్యేళ్ల వయసు దాకా వెంబడించారు. పేదరికం, తాగుడు, తల్లిదండ్రుల తగాదాలు వంటి చాలా కష్టాల మధ్య పుట్టిన పిల్లల్లో కూడా మూడింట ఒక వంతు మంది చక్కని మనుషులుగా ఎదిగారు. వారి బతుకుల్లో ఒక పోలిక కనిపించింది. తమను పట్టించుకుని, నిలకడగా వెంట ఉన్న మనిషి కనీసం ఒకరు వారికి ఉన్నారు. చాలాసార్లు ఆ ఒకరు తల్లిదండ్రులే కానక్కరలేదు. తాత, అమ్మమ్మ, పిన్ని, ఒక్కోసారి పక్కింటివారు. మన మామ్మలు అన్నం కలిపి ముద్దలు పెడుతూ "ఏటయిందిరా, సెప్పు" అని అడుగుతారు చూడండి, శాస్త్రజ్ఞుల లెక్కలో దానికి గట్టి విలువే ఉంది.

అయితే ఒక మాట. ఎవరైనా మిమ్మల్ని ఒంటి మీద గాయమయ్యేలా కొడుతున్నా, మరో విధంగా హింసిస్తున్నా అది ఏ రకం పెంపకమూ కాదు. సర్దుకుపోవలసిన సంగతి అంతకన్నా కాదు. 1098కి ఫోను చేయవచ్చు, డబ్బు పడదు. మనసు బరువెక్కి ఎవరికీ చెప్పుకోలేకపోతుంటే 14416 ఉంది. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవలో తెలుగులో మాట్లాడతారు.

అరవై ఏళ్ల తరవాత

పెంపకం ముద్ర ఎంత దూరం పోతుంది? 1938లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో మొదలైన ఒక పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది. అందులో 81 మంది మగవారి విషయాన్ని 2016లో రాబర్ట్ వాల్డింగర్, మార్క్ షుల్జ్ ప్రకటించారు. వారు కుర్రవాళ్లుగా ఉన్నప్పుడే వారి ఇల్లు ఎంత ఆప్యాయంగా ఉందో రాసిపెట్టుకున్నారు. నడివయసులో కష్టాలు వచ్చినప్పుడు మనసును ఎలా సంబాళించుకుంటున్నారో అడిగారు. డెబ్బై, ఎనభై ఏళ్లు వచ్చాక భార్యతో బంధం ఎంత భరోసాగా ఉందో అడిగారు. ఆప్యాయమైన ఇళ్ల నుంచి వచ్చినవారు నడివయసులో తమ బాధను దాచిపెట్టక, దానితో ఎదుటివారిని కాల్చక, నేర్పుగా మోశారు. ముసలితనంలో వారి దాంపత్యం ఎక్కువ భద్రంగా ఉంది. అరవై ఏళ్ల కిందటి ఇంటి వెచ్చదనం ఇంకా చల్లారలేదన్నమాట. 81 మంది చిన్న సంఖ్యే, అందరూ మగవారే. అదీ గుర్తుంచుకోవాలి.

ఇది చదివి మొదటి ఇంటి, మూడో ఇంటి పిల్లలు దిగులు పడతారేమో! వారికోసమే ఇంకో పరిశోధన చెబుతాను. పసితనంలో అనాథాశ్రమాల్లో, ఎత్తుకునే దిక్కులేక గడిపి, తరవాత మంచి కుటుంబాలకు దత్తత పోయిన పిల్లలను అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మేగన్ గునార్ బృందం పరిశీలించింది. చిన్నవయసులో వారి కార్టిసాల్ వ్యవస్థ మొద్దుబారిపోయి ఉంది. కంగారు పడవలసిన చోట కూడా తగినట్టు స్పందించదు. వారిలో యవ్వన లక్షణాలు వస్తున్నకొద్దీ ఆ స్పందన తక్కిన పిల్లల స్థాయికి చేరుకుంది. 2019లో ఇది వెల్లడయింది. అంటే మీసం మొలిచే, గొంతు మారే ఈ వయసులో శరీరం తన పాత లెక్కను మరొకసారి సరిచూసుకుంటుంది. ఆ సమయంలో చుట్టూ ఉన్నవారు ఆదరంగా ఉంటే లెక్క దిద్దుకోగలదు. మీరిప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నారు.

చేసి చూడండి

మీ తరగతిలో అందరికీ ఒకే కొలత తెల్లకాగితం ముక్కలు పంచండి. పేరు రాయకూడదు. బల్ల మీద ఒక ప్రశ్న రాయండి: "పరీక్ష తప్పాననుకోండి, మొదట ఎవరికి చెబుతాను?" అమ్మ, నాన్న, అప్ప లేక అన్న, తాత లేక మామ్మ, మాస్టారు లేక టీచరమ్మ, స్నేహితులు, ఎవరికీ చెప్పను. వీటిలో ఒకటి మాత్రమే రాయాలి. అందరూ ఒకే రంగు పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాస్తే రాత గుర్తుపట్టడం కష్టం. చీటీలు మడిచి ఒక డబ్బాలో వేసి, కలిపి, లెక్కపెట్టి స్తంభాల పటం గీయండి. తరవాత అదే ప్రశ్నను ఎనిమిదో తరగతిలోను, పదో తరగతిలోను అడిగి మూడు పటాలనూ పక్కపక్కన అంటించి చూడండి. వయసు పెరిగేకొద్దీ ఏ స్తంభం పెరుగుతోంది, ఏది తగ్గుతోంది? "ఎవరికీ చెప్పను" అన్న స్తంభం ఎంత ఎత్తుందో ముందు చూసి, ఆ పటాన్ని మీ తరగతి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రుల సమావేశంలో పెద్దలకు చూపించండి. చీటీ ఎవరిదో కనిపెట్టడానికి ఎవరూ ప్రయత్నించకూడదు. లెక్క పూర్తికాగానే చీటీలన్నీ అందరి ఎదుటా చింపేయండి.